మూడో ప్రకటన

“ముందు వాడు జేబులో ఏం పెట్టుకున్నాడో చెప్పమనమ్మా నీ కూతుర్ని,” అన్నాడు జాన్ పాల్.

చెల్లెలు నాలుగడుగుల దూరంలో గోడకానుకుని నేలమీద కూర్చునే ఉంది. అయినా మాటను తల్లి మీదుగా తిప్పి పంపిస్తున్నాడు. గంటన్నరగా ఇదే వరస.

ఉదయం చర్చిలో పూజ ముగించుకుని వచ్చాక ఆ ఇంట్లో ఎవరూ బట్టలు మార్చుకోలేదు. అమలమ్మ పట్టుచీరతోనే వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. జక్కయ్య ఇస్త్రీ నలగని చొక్కాతో యేసు తిరుహృదయం పటం కింద కుర్చీలో కూర్చున్నాడు. రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు గార్డుగా చేసి దిగిన మనిషి. ఇంట్లో ఎవరి గొంతు లేచినా ఒక్క దగ్గు దగ్గి అణిచేసేవాడు. ఇవాళ దగ్గలేదు. పొయ్యి మీద కోడికూర అడుగంటుతోంది. ఆ వాసన అందరికీ తగిలింది, ఒక్కరూ కదల్లేదు.

వినీల తల ఎత్తలేదు. జేబులో ఏముందో ఆమెకు తెలుసు, అన్నకు తెలుసు, పూజకు వచ్చిన మూడొందల మందికీ తెలుసు. మళ్ళీ మళ్ళీ చెప్పించుకోవడంలో జాన్ పాల్‌కు ఏం సుఖముందో దేవుడికెరుక.

జేబులో ఉన్నది సత్ప్రసాదం, పూజలో పంచే పల్చటి అప్పం. అదీ సగం.

పెట్టుకున్నవాడు వేణుగోపాల్. మంగళగిరిలో మగ్గం నేసే ఏడుకొండలు కొడుకు, తనూ మగ్గం మీదే బతికేవాడు. తల్లి హనుమాయమ్మకు కిడ్నీలు చెడితే ఏడాదిగా వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం వినీల నర్సుగా చేసే ఆసుపత్రికి తీసుకొస్తున్నాడు. మిషను దగ్గర నాలుగేసి గంటలు కూర్చోవాలి. ఆ గంటల్లో అల్లుకున్నదే ఇదంతా. సూది గుచ్చేటప్పుడు హనుమాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని వినీల చెయ్యి పట్టుకునేది. పక్కనే ఉన్న కొడుకు చెయ్యి పట్టుకునేది కాదు.

ఈ సంగతి ఇంట్లో బయటపడేసరికి గుడివాడ సంబంధం ఖాయమైపోయింది. పెళ్ళికొడుకు డేనియల్, బ్యాంకు ఉద్యోగి, వంక పెట్టడానికి వీల్లేని మనిషి. గుణదల తిరునాళ్ళ జరిగిన ఆదివారం చర్చిలో మొదటి పెళ్ళి ప్రకటన చదివారు. మరుసటి ఆదివారం రెండోది చదివారు. ఇవాళ మూడోది. అది కూడా చదివేస్తే, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, గురువారం పెళ్ళి.

చదవకపోతే పది రోజుల్లో విభూది బుధవారం. అక్కడి నుంచి ఈస్టరు దాకా తపస్సుకాలం, చర్చిలో పెళ్ళిళ్ళుండవు. వినీల తిండి మానేసి, తండ్రి కాళ్ళు పట్టుకుని అడిగింది అంతకన్నా ఏమీ లేదు. వేణుతో పెళ్ళి చెయ్యమనలేదు. ఆ నలభై రోజులు ఇవ్వమంది.

మొన్న గురువారం నాడు జక్కయ్య మెత్తబడ్డాడు. ఆదివారం పూజకు రమ్మను, ఒకసారి నా కళ్ళతో చూస్తాను, ఆ తర్వాత ఫాదర్‌గారి దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. ఆ చర్చిని చూసుకునే విచారణ గురువు నతానియేలు ఫాదర్ కూడా, మాట తేలేదాకా మూడో ప్రకటన ఆపుతానన్నారు.

వేణు వచ్చాడు. తను నేసిన గుడ్డతోనే కుట్టించుకున్న తెల్లచొక్కా వేసుకుని, చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జక్కయ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రెండోసారి చూశాక భార్య వైపు వంగి, “కుర్రాడు నెమ్మదస్తుడిలాగే ఉన్నాడే,” అన్నాడు. ఆ మాట వినీల చెవిన పడింది. మూడు వారాల తర్వాత ఆ పిల్ల కడుపునిండా ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

అది పావుగంట కూడా నిలవలేదు.

సత్ప్రసాదానికి అందరూ వరుసకట్టారు. వేణు కూడా లేచి నిలబడ్డాడు. జ్ఞానస్నానం లేనివాళ్ళు తీసుకోకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ వరుసలో పంచుతున్న సిస్టరుగారికి అతనెవరో తెలియదు. కరోనా వచ్చిపోయాక నాలుక మీద కాకుండా చేతిలోనే పెడుతున్నారు కదా, కుడి అరచెయ్యి చాచి పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు. గోడ పక్కకు వచ్చి, ఎంతో జాగ్రత్తగా రెండు ముక్కలు చేశాడు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండోది కొత్త రుమాలులో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మంగళగిరి కొండ మీద పానకం సీసాలో పట్టి తల్లికి తీసుకెళ్ళే మనిషి. మొన్న తిరునాళ్ళలో గుణదల కొండెక్కి, మేరీమాతకు కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప ఇంటికి పట్టుకెళ్ళాడు, అక్కడ ఎవరూ అదేమిటని అడగలేదు. తల్లి మంచంలో ఉండగా దేవుడి దగ్గర దొరికింది తనొక్కడే తినేసి రావడం అతనికి చేతకాదు.

ఇక్కడివాళ్ళకు అది సాక్షాత్తూ క్రీస్తు శరీరం. నలుసు రాలినా మోకాళ్ళ మీద పడి ఏరుకుంటారు. దాన్ని విరిచి జేబులో పెట్టుకుపోతున్నవాణ్ణి జాన్ పాల్ చూశాడు. గేటు దగ్గర కాలరు పట్టుకున్నాడు, రుమాలు లాగాడు, జేబు చిరిగింది. మనుషులు మూగారు. ఫోన్లు లేచాయి. వేణు చేతులెత్తలేదు, ఎదురు తిరగలేదు. “అమ్మకండీ, అమ్మకండీ” అని రెండుసార్లు అన్నాడు. ఏ అమ్మకో, ఏమిటో అక్కడెవరికీ పట్టలేదు.

“వాడికి ఆటగా ఉంది మన దేవుడంటే,” అన్నాడు జాన్ పాల్ ఇప్పుడు. “ఇలాంటివాణ్ణి ఇంటల్లుడిగా తెస్తానంటుంది. నాన్న కూడా చూస్తాననబట్టే కదా వాడికింత ధైర్యం.”

ఆ చివరి మాట జక్కయ్యకు గుచ్చుకుంది. తల తిప్పి కూతురి వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చేతిలో జెండా ఉండి కూడా ఊపాలో వద్దో తెలియని మనిషిలా చూశాడు.

“వినీలా, ఒక్క మాట చెప్పు. చర్చిలో ఎలా నడుచుకోవాలో వాడికి నువ్వేమైనా చెప్పి పంపావా?”

చెప్పింది. శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ, వార్డు వెనక మెట్ల మీద కూర్చుని ఫోనులో పావుగంట చెప్పింది. చెప్పులు బయట విడువు, ఫోను ఆపెయ్యి, మోకరించినప్పుడు మోకరించు, లేచినప్పుడు లేవు. అన్నీ గుర్తుంటాయో లేదో అని అతను కంగారు పడితే నవ్వి, “ఏమీ తోచకపోతే అందరూ ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి,” అంది. సత్ప్రసాదం సంగతి తట్టలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న దాన్ని చెప్పాల్సి ఉంటుందని ఎవరికి మాత్రం తడుతుంది?

ఇప్పుడు ఆ మాట ఒక్కటి చెబితే చాలు. నాన్నా, వాడు వెక్కిరించలేదు, నేను చెప్పినట్టే చేశాడు, తప్పు నాది అంటే, ఆ పెద్దమనిషి ఇంకోసారి ఆలోచించేవాడు. ఆ సంగతి వినీలకు తెలుసు. కానీ అన్న ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. తల్లి కళ్ళలో భయం కనిపిస్తోంది. పైన పటం ఉంది. దేవుణ్ణి విరిచి జేబులో వేసుకునే పనిలో తన చెయ్యి కూడా ఉందని ఈ ఇంట్లో, ఈ గదిలో ఎలా అనాలి?

“లేదు నాన్నా,” అంది.

జక్కయ్య తల తిప్పుకున్నాడు. అమలమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి కట్టేసింది. మాడిన గిన్నె సింకులో పడిన చప్పుడు వినిపించింది.

*

రెండు గంటలకు నతానియేలు ఫాదర్ స్కూటీ మీద వచ్చారు. వచ్చిన గురువుకు లేచి నమస్కారం పెట్టడానికి కూడా ఆ ఇంట్లో కాస్త సమయం పట్టింది. అమలమ్మ మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, గ్లాసు నేలమీద పెట్టి, మెల్లగా చెప్పుకొచ్చారు.

కుర్రాడు పన్నెండింటిదాకా తన గది బయటే నిలబడ్డాడట. కూర్చోమన్నా కూర్చోలేదట. ఎందుకు విరిచావయ్యా అంటే, మా అమ్మకు బాగోదండీ, సగం ఆవిడకి అన్నాడట. ఏం తప్పు చేశాడో విడమరిచి చెప్పాక గోడ వైపు తిరిగి ఏడ్చాడట. తెలియక చేసినదాన్ని దేవుడు తప్పు పట్టడు, మనం పట్టుకోవడం బాగుండదు అన్నారు ఫాదర్.

“అయితే జేబులో పెట్టుకుపోవచ్చంటారా ఫాదర్?” అన్నాడు జాన్ పాల్.

“పోకూడదు. కానీ జేబులో ఉన్నంతసేపూ అది భద్రంగానే ఉంది నాయనా. గేటు దగ్గర కింద పడింది నీ చేతిలోంచి. వంగి తీసింది నేను.”

జాన్ పాల్ మొహం మాడిపోయింది. ఫాదర్ నిజమే చెప్పారు. ఆ నిజం ఇంకో గంట ఆగి, జాన్ పాల్‌ను ఒక్కణ్ణీ పక్కకు పిలిచి చెప్పి ఉంటే ఏమయ్యేదో. చెల్లెలి ముందు, తండ్రి ముందు చెప్పారు. అప్పటిదాకా కోపంతో ఉన్నవాడు ఆ క్షణం నుంచీ పంతంతో ఉన్నాడు. కోపమైతే సాయంత్రానికి చల్లారేది.

జక్కయ్య గొంతు సవరించుకుని, ప్రకటన సాయంత్రం పూజలో చదవమని అడిగాడు. డేనియల్ వాళ్ళు ఉదయం నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశారట. వీడియో వాళ్ళదాకా కూడా వెళ్ళిందట. ఇక నలుగురికీ మొహం చూపించలేకపోతున్నానన్నాడు.

ఫాదర్ నేలమీది గ్లాసును పక్కకు జరిపారు. తర్వాత వినీల వైపు చూశారు.

“చదవమని నువ్వు చెప్పాలమ్మా. మీ నాన్నగారు కాదు. అయిదింటికి పూజకు ముందు నా గదికి వచ్చి, ఇష్టమో కాదో నీ నోటితో నాకు చెప్పు. కాదంటే చదవను. ఎవరొచ్చి చెప్పినా చదవను.”

ఆయన స్కూటీ వీధి మలుపు తిరిగేదాకా వినీల కిటికీ దగ్గరే నిలబడింది. దారి ఇంకా మూసుకుపోలేదు. అయిదింటికి ఆయన గదిలోకి వెళ్ళి కాదు అని రెండక్షరాలు అంటే చాలు. లోకంలో ఇంత చిన్న పనికి ఎవరూ ఇంత భయపడి ఉండరనుకుంది.

*

వినీల ఫోను ఉదయమే అన్న చేతికి పోయింది. అమలమ్మ ఫోను మాత్రం వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంటుంది. మూడింటికి అది మోగి ఆగింది. అమలమ్మ తీసి చూసి, కాసేపు అలాగే నిలబడి, కూతుర్ని పిలిచింది.

“రేణుకంట. ఆ అబ్బాయి చెల్లెలు కదూ?” అంది. ఫోను కూతురి చేతిలో పెట్టి, తను గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఇంతకన్నా ఆ తల్లి చెయ్యగలిగింది లేదు. చేసిందే ఎక్కువ.

అది వాయిస్ మెసేజి. రెండు నిమిషాలుంది. ఒకప్పుడు ఆసుపత్రిలో అత్యవసరానికని ఇచ్చిన నంబరు ఆ పిల్ల దాచుకుంది. వినీల ఫోను చెవికి ఆనించుకుంది.

“వదినా, నేను రేణుకని. వీడియో మా వీధంతా చూశారు. అన్న మతం పుచ్చుకున్నాడని మా నాన్నకి ఎవరో చెప్పేశారు. నాన్న అన్నని మగ్గం గుంటలోంచి లేపేశాడు. సగం నేసిన చీర మగ్గం మీద ఉండగానే పొమ్మన్నాడు. ఇంట్లో అడుగు పెట్టొద్దన్నాడు. అన్న ఒక్క మాట మాట్లాడలా. అమ్మేమో పొద్దుటి నుంచీ మందులు వేసుకోలా…”

హాల్లో కుర్చీ జరిగింది. అమలమ్మ వెనక్కి తిరిగి చూసి చెయ్యి ఊపింది. జాన్ పాల్ వస్తున్నాడు. వినీల వేలు దానంతటదే కదిలింది. మెసేజి ఆపింది. ఆపితే చాలదనిపించింది. తల్లి ఫోనులో ఆ పేరు కనపడితే తల్లి కూడా ఇరుక్కుంటుంది. తుడిచేసింది.

జాన్ పాల్ వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. అంతే. దానికే వచ్చాడు.

నర్సింగ్ చదివేటప్పుడు వార్షికోత్సవానికి పాత విషాద ప్రేమకథ ఒకదాన్ని ఈ కాలానికి మార్చి నాటకం వేశారు. ఉత్తరం సమయానికి అందక ఇద్దరూ చచ్చిపోయే కథ. ఇప్పుడు ఉత్తరాలెక్కడివి, వాట్సాప్ పెడితే కథే ఉండదు కదా అని రిహార్సల్లో అందర్నీ నవ్వించింది వినీలే. ఆఖరికి ఫోనులో చార్జింగు అయిపోయినట్టు చూపించి నాటకం గట్టెక్కించారు. ఇప్పుడు తల్లి ఫోనులో చార్జింగు డెబ్బై శాతం ఉంది. సిగ్నల్ నిండుగా ఉంది. మెసేజి అందింది కూడా. వినడానికి ధైర్యం లేకపోయింది, అంతే.

మిగిలిన నిమిషంన్నరలో ఏముంటుంది? అమ్మ మందులు మానేసింది. రేపు డయాలసిస్‌కు కూడా రానంటుంది. రెండుసార్లు మానితే ఆ ఒంట్లో నీరు ఎక్కడిదాకా వస్తుందో వినీలకు చెప్పాల్సిన పనిలేదు, నర్సు కదా. ఇల్లు పోయింది, మగ్గం పోయింది, ఇక తల్లి. తన ఒక్క మాటకు ఆ మనిషికి ఇన్ని పోయాయి. వినీల మిగతా కథను తనే అల్లుకుని, అదే నిజమని నమ్మేసింది.

*

నాలుగు గంటలకు జాన్ పాల్ కాగితం తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. పోలీసు స్టేషనులో ఇవ్వడానికి రాసిన ఫిర్యాదు. వేణుగోపాల్, తండ్రి ఏడుకొండలు, మంగళగిరి. మతాన్ని కావాలని అవమానించాడని, సాక్షులున్నారని, వీడియో ఉందని. కింద ఇద్దరు సంతకాలు కూడా పెట్టారు. జక్కయ్య సంతకానికి చోటు వదిలాడు.

“చదవరా,” అన్నాడు జక్కయ్య. కళ్ళజోడు పెట్టుకోలేదు.

జాన్ పాల్ చదివాడు. ఈసారి చదువుతూ చదువుతూ చెల్లెలి వైపే చూశాడు.

“అయిదింటికి ఫాదర్ దగ్గర నువ్వు కాదంటే, అయిదున్నరకి నేను స్టేషన్లో ఉంటా,” అన్నాడు. పొద్దుటి నుంచి ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

“అన్నయ్యా, వాళ్ళమ్మ చచ్చిపోతుంది.”

“అది వాడు ఆలోచించుకోవాల్సింది.”

వినీల తండ్రి వైపు తిరిగింది. ఇప్పుడైనా చెబుదామనుకుంది. అందరూ చేసేదే చెయ్యమన్నది నేనే నాన్నా. కానీ పొద్దున లేదన్న నోటితో ఇప్పుడు అవునంటే వాణ్ణి కాపాడటానికి అబద్ధమాడుతున్నానంటారు. నిజానికి కూడా ఒక వేళ ఉంటుంది, అది పొద్దున దాటిపోయింది.

“సంతకం పెట్టకు నాన్నా. ఇష్టమే అంటాను,” అంది.

జక్కయ్య లేచాడు. కూతుర్ని పటం ముందు నిలబెట్టాడు.  ఇది ముగిసిపోవాలి, ఇంకేమీ వద్దు అన్న తొందర తప్ప అతనిలో కాఠిన్యం లేదు. ఫాదర్‌గారి దగ్గర ఇష్టమని చెప్పాక, ప్రకటన చదివేటప్పుడు చర్చిలో నోరు విప్పనని పటం మీద చెయ్యి వేసి చెప్పమన్నాడు.

“చర్చిలో నోరు విప్పను నాన్నా.”

జక్కయ్య ఆ ఫిర్యాదును నాలుగు మడతలు పెట్టి తన జేబులో ఉంచుకున్నాడు. చింపలేదు.

*

అయిదింటికి నతానియేలు ఫాదర్ రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఇష్టమే అంది వినీల. ఎవరైనా బెదిరించారా అని అడిగారు. లేదంది.  అబద్ధం ఎదురుగా నిలబడి ఉందని ఆయనకూ తెలుసు. కానీ ఒప్పుకున్న పిల్లను కాదనుకో అని ఏ గురువు బతిమాలుతాడు?

సాయంత్రం పూజకు జనం ఎక్కువే వచ్చారు. పొద్దున జరిగింది చూడనివాళ్ళు కూడా ఇప్పుడు చూద్దామని వచ్చారు. ముందు నుంచి మూడో బెంచీలో జక్కయ్య, పక్కన వినీల, అటు అమలమ్మ. జాన్ పాల్ ముందువైపు పక్కతలుపు దగ్గర చెల్లెలి మీద కన్నేసి నిలబడ్డాడు.

వినీల మోకరించింది, లేచింది, మళ్ళీ మోకరించింది. ఏం వింటున్నదో ఏం పలుకుతున్నదో తెలియలేదు. సత్ప్రసాదం తీసుకుని తన చోటికి తిరిగి వస్తూ కళ్ళెత్తేసరికి చివరి బెంచీ కనిపించింది.

వేణు ఉన్నాడు. అదే తెల్లచొక్కా. చిరిగిన జేబు నల్లదారంతో కుట్టి ఉంది, ఎవరో కళ్ళు సరిగా కనపడనివాళ్ళు కుట్టినట్టు వంకరటింకరగా ఉంది. అతని పక్కన హనుమాయమ్మ కూర్చుంది. ఎడమ మోచేతి దగ్గర సూది గుచ్చే చోట తెల్లపట్టీ. మంగళగిరి నుంచి ఆటోలో వచ్చిన అలసటకు నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. ఒళ్ళో స్టీలు పళ్ళెం, దాని మీద చీర. పసుపు కొమ్ములు, పూలు, అరటిపళ్ళు.

అందరూ వరుసలో వెళుతుంటే ఆవిడ కూడా లేవబోయింది. వేణు మెల్లగా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అతను పొద్దుటి పాఠం నేర్చుకున్నాడు.

వినీల తన చోట కూర్చుంది. చెరిపేసిన ఆ నిమిషంన్నరలో ఏముందో ఇప్పుడు అర్థమైంది. మొగుడు పొమ్మన్న కొడుకు వెంట ఆవిడా వచ్చేసిందన్న మాట. నా కోసం దాచబట్టే కదా నా బిడ్డ అవమానపడ్డాడు, నేనే వెళ్ళి వాళ్ళకు చెప్పుకుంటాను, ఆ పిల్లను అడుగుతాను అని మందులు కూడా వేసుకోకుండా బయల్దేరిందన్న మాట. అమ్మా అన్నా వస్తున్నారు, అప్పటిదాకా ఏదీ ఒప్పుకోవద్దు వదినా అని రేణుక చెప్పిందన్న మాట. ఏడవడానికి కూడా చోటు లేక వినీల బెంచీ అంచు పట్టుకుంది.

ఫాదర్ కాగితం తీశారు.

“పెళ్ళి ప్రకటన. మూడవసారి. గుడివాడ విచారణకు చెందిన డేనియల్, మన విచారణకు చెందిన జక్కయ్య, అమలమ్మల కుమార్తె వినీల, పరిశుద్ధ వివాహం చేసుకోగోరుతున్నారు.”

వినీల వెనక్కి తిరిగింది. వేణు కదల్లేదు. రెప్ప కూడా వెయ్యకుండా ఆమెనే చూస్తున్నాడు. హనుమాయమ్మకు చదివేదేమిటో తెలియదు. అన్నిటి మధ్యా వినీల అన్న పేరు మాత్రం తెలిసింది. దేవుడి ముందు ఆ పిల్ల పేరు చదువుతున్నారంటే మంచి కోసమే అనుకుంది కాబోలు, పళ్ళెం పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. సూది గుచ్చేటప్పుడు మూసుకున్నట్టే గట్టిగా మూసుకుంది.

“ఈ వివాహానికి ఏదైనా ఆటంకం ఎవరికైనా తెలిసి ఉంటే తెలియజెయ్యాలి.”

ఎప్పుడూ గబగబా చదివి దాటేసే వాక్యం అది. ఇవాళ ఫాదర్ అక్కడ ఆగిపోయారు. ముందుకు పోలేదు. వినీల వైపు చూశారు, ఆమె చూపు వెంట చివరి బెంచీ వైపు చూశారు.

చర్చిలో ఎవరూ లేవలేదు. ఎవరూ దగ్గలేదు. వేణు నాలుగు పక్కలా చూశాడు. ఏమీ తోచకపోతే అందరూ ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి అని చెప్పింది వినీలే. అందరూ చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. అతను కూడా అలాగే కూర్చున్నాడు.

అప్పుడు జక్కయ్య వెనక్కి తిరిగాడు. నల్లదారంతో కుట్టిన జేబును చూశాడు. పళ్ళెంలో చీరను చూశాడు. కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతున్న ఆ ముసలి మనిషిని, మోచేతి మీది పట్టీని చాలాసేపు చూశాడు. అతని చెయ్యి తెలియకుండానే ఫిర్యాదు కాగితం ఉన్న తన జేబు మీదికి వెళ్ళింది.

“ఎవరమ్మా ఆవిడ?” అని కూతుర్ని మెల్లగా అడిగాడు. “సగం ఆవిడకేనా?”

చర్చిలో నోరు విప్పనని పటం మీద చెయ్యి వేసి మూడు గంటలు కాలేదు. ఆ ప్రమాణం చేయించినవాడే ఇప్పుడు అడుగుతున్నాడు. బలిపీఠం దగ్గర నతానియేలు ఫాదర్ చేతిలో కాగితం ఇంకా మడత పడలేదు.